పాత క్రోనోగ్రాఫ్ మొదటిసారి కొంటున్న: ఏం చూడాలె, ఎట్ల చూడాలె?

హన్మకొండ_కొత్తోడు
అందరికి నమస్తే. పాత మెకానికల్ క్రోనోగ్రాఫ్, అదే పక్కన రెండు బటన్లుండి స్టాప్‌వాచీ లెక్క నడిచేది, ఒకటి కొనాలనుకుంటున్న. సర్వీసుతో కలిపి నలభై వేలు దాటొద్దు. ఆన్‌లైన్ల వందల ఫొటోలున్నయ్. ఏది అసలుదో, దేనికి రంగేసి తళతళలాడిస్తున్నరో తెలుస్తలేదు. ఏ మిషన్, అంటే లోపలి యంత్రం, ఉన్నది తీసుకోవాలె? మన వరంగల్‌ల బాగుచేసేటోళ్లు దొరుకుతరా?

కాజీపేట_18000
తమ్ముడూ, ఆ నలభై వేలల్ల సర్వీసు పైసలు ముందుగాల పక్కకు తీసిపెట్టు. అమ్మేటోడు సర్వీసు అయిందన్నా సరే, బిల్లు, విప్పినప్పటి ఫొటోలు చూపెట్టకపోతే కానట్టే లెక్క. యాభై ఏండ్ల కింద పెట్టిన నూనె ఎండిపోయి, లోహం పొడితోని కలిసి, సాన పట్టినట్టు ఇరుసులను అరగదీస్తది. వాచీ నడుస్తనే ఉంటది, లోపల అరుగుతనే ఉంటది.

బ్రాండు పేరు చూసి ఆగం గాకు. ఆ రోజులల్ల స్విస్ కంపెనీలు చాలావరకు క్రోనోగ్రాఫ్ మిషన్ సొంతంగ చెయ్యలె. వాల్జూ, వీనస్, లాండెరాన్, లెమానియా కార్ఖానల కాడ కొని, తమ డయల్ వేసి, తమ కేసుల పెట్టి అమ్మినయ్. గందుకే ఎన్నడూ వినని పేరున్న వాచీల కూడ మంచి మిషన్ దొరుకుతది. అడగాల్సిన మొదటి మాట ఒక్కటే: వెనక మూత తీసి మిషన్ ఫొటో పంపు. మూత తియ్యరాదు, పనిముట్టు లేదు అంటే ఆ వాచీని వదిలెయ్. ఏ ఊర్లనైన వాచీ దుకాణంల రెండు నిమిషాల పని అది.

ఫొటోల బ్యాలెన్స్ చక్రం, అదే అటూఇటూ ఊగే చక్రం, కింద, దాని పక్కన చూడు. వాల్జూ 72, లాండెరాన్ 48 లాంటివాటికి నంబరు అక్కడ్నే గుద్ది ఉంటది. తర్వాత బటన్ల హుకుం నడిపే భాగం చూడు. చిన్న కోట బురుజుల లెక్క నిలువు స్తంభాలున్న చక్రం కనిపిస్తే కాలమ్ వీల్. పరిచినట్టుండే పలుచటి రేకులైతే కామ్. వాల్జూ 72, వీనస్ 175, 178 కాలమ్ వీల్‌వి. లాండెరాన్ 48, వీనస్ 188, దాని నుంచి వచ్చిన వాల్జూ 7733, 7734 కామ్‌వి. కాలమ్ వీల్ బటన్ మెత్తగ నొక్కుకుంటది, కామ్‌ది కొంచెం గట్టిగ ఉంటది. టైము కొలుచుడు రెండిట్లనూ బాగనే ఉంటది. వాల్జూ 72 ఉన్నది నలభై వేలకు ఇస్తం అన్నరంటే లోపల వేరే మిషన్ ఉండాలె, లేకుంటే పాడైనదై ఉండాలె. నీ బడ్జెట్‌కు లాండెరాన్ 48, వాల్జూ 7733, సీకో 6139, రష్యా వైపు పోల్యోట్ 3133 చూడు.

లూప్_పదింతలు
అన్న మిషన్ గురించి చెప్పిండు. నేను డయల్ గురించి చెప్త, ఎందుకంటే వాచీ విలువ సగం అక్కడ్నే ఉంటది. మిషన్‌కు విడిభాగం దొరుకుతది, గ్లాసు దొరుకుతది, బటన్ దొరుకుతది. అసలు డయల్ ఒకసారి గీకి రంగేసినంక మళ్ల రాదు.

పది రెట్లు పెద్దగ చూపే లూప్ ఒకటి కొనుక్కో. డయల్ మీద సెకన్లు, నిమిషాలు చూపే చిన్న గుండ్రాల కాడ మొదలుపెట్టు. అసలు డయల్‌ల చాలావరకు ఆ గుండ్రాలు కొంచెం లోపలికి దిగి ఉంటయ్, వాటి మీద గ్రామఫోను రికార్డు లెక్క సన్నటి వలయాలుంటయ్. రంగేసేటప్పుడు పాత పూత గీకి కొత్త పూత మందంగ కొడ్తరు. వలయాలు పూడుకుపోతయ్. గుండ్రం అంచు కత్తిలెక్క ఉండాల్సింది మెత్తబడి, కరిగిన సబ్బు అంచు లెక్క అయితది. అంకెలు గుండ్రం అంచు మీదికెక్కి సగం లోపల సగం బయట పడి వంకరగ ఉంటే కూడ అనుమానమే.

తర్వాత లెక్క పెట్టి చూడు. 18000 మిషన్ గంటకు 18000 సార్లు, అంటే సెకనుకు 5 సార్లు కొట్టుకుంటది. గందుకే అటువంటి చాలా వాచీల బయటి ట్రాక్ మీద సెకనుకు 5 భాగాలు, అంటే రెండు పెద్ద గీతల నడుమ 4 చిన్న గీతలుంటయ్. కొన్నిచోట్ల నాలుగు, కొన్నిచోట్ల మూడు ఉన్నయంటే చేత్తోని వేసిన డయల్.

టాకీమీటర్, అంటే వేగం చూపే కొలత, ఉంటే ఇంకా సులువు. 3600ను సెకన్లతోని భాగిస్తే వచ్చేదే ఆ అంకె. 15 సెకన్ల కాడ 240, 20 కాడ 180, 30 కాడ 120, 45 కాడ 80, 60 కాడ 60 ఉండాలె. దూరం చూపే టెలిమీటర్ అయితే సప్పుడు వేగం లెక్క, 3 సెకన్ల కాడ దాదాపు 1 కిలోమీటరు. రంగేసినోడు అందం చూస్తడు గని ఈ లెక్క చూడడు. చాలాసార్లు ఇక్కడ్నే దొరికిపోతది.

ముంబై స్పెషల్ అనే మాట వింటవు. పాత మిషన్, కొత్త మెరిసే డయల్, నీలం, ఎరుపు, ఆకుపచ్చ రంగులు, ఏదో పేరున్న బ్రాండు అచ్చు. కొన్నిట్ల బటన్లు ఉత్తుత్తివే, లోపల దేనికీ తగలవు. చిన్న గుండ్రాలు వట్టి బొమ్మలు. తక్కువ ధర చూసి ఆశపడకు.

హన్మకొండ_కొత్తోడు
చాలా థాంక్స్ అన్నా. ఒక స్విస్ వాచీ వీడియో చూసిన, లాండెరాన్ 48 అని పెట్టిన్రు. పై బటన్ నొక్కితే ముల్లు నడుస్తున్నది, మళ్ల నొక్కితే ఆగుతలేదు. అది పాడైనట్టేనా? ఇంకొకటి, 1958 ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ అని ఒకతను అమ్ముతున్నడు. అది చూడొచ్చా?

కాజీపేట_18000
లాండెరాన్ 48 తీరే అది, పాడు కాలె. పై బటన్ నడిపిస్తది, అంతే. ఆపుడు, సున్నాకు తెచ్చుడు రెండూ కింది బటన్‌వే: మొదటి నొక్కుకు ఆగుతది, రెండో నొక్కుకు సున్నాకు వస్తది. ఈ సంగతి తెలియక చాలామంది మంచి వాచీని వద్దనుకుంటరు. అమ్మేటోనికి కూడ తెలియక తక్కువకు ఇస్తున్నడేమో చూడు. అయితే కింది బటన్ పనిచేసుడు వీడియోల చూపెట్టమను.

1958 ఆటోమేటిక్ అనేది అబద్ధం. ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్‌లు బజారుకు వచ్చిందే 1969ల: సీకో 6139, జెనిత్ ఎల్ ప్రిమెరో, హోయర్-బ్రైట్లింగ్ కూటమి చేసిన కేలిబర్ 11. అంతకుముందటి క్రోనోగ్రాఫ్ అంటే చాబీ ఇచ్చేదే.

ఇంకో సంగతి, ఎస్‌టీ19 అనే చైనా మిషన్ ఉన్నది. 1960ల మొదట్ల వీనస్ 175 తయారీ యంత్రాలు కొని చైనాల చేసిన మిషన్ అది, ఇప్పటికీ కొత్తగ వస్తున్నది. మంచి మిషనే. దానికి పాత తరహా డయల్ వేసి, కేసు కొంచెం గీకి, 1940ల వాచీ అని అమ్మేటోళ్లున్నరు. కాలమ్ వీల్ ఉంది కదా అని సంబరపడకుండ, బ్రిడ్జిల (చక్రాలను పట్టి ఉంచే రేకుల) మీది నగిషీ, స్క్రూల తళుకు చూడు. అరవై డెబ్బై ఏండ్ల వాచీల స్క్రూ తలల మీద ఎంత లేదన్నా స్క్రూడ్రైవర్ జాడ ఉంటది.

మానేరు_తీరం
నా మాట వేరే. మొదటి వాచీ సీకో 6139 కావాలె. లాండెరాన్‌కు మన జిల్లాలల్ల చెయ్యి పెట్టేటోడు దొరకడు. సీకో అయితే మనకాడ్నే బయటపడ్తది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు నుంచి గల్ఫ్‌కు పోయినోళ్ల ఇండ్లల్ల బీరువాలల్ల పాత సీకోలు ఇంకా పడి ఉన్నయ్. ఒకే ఇంట్ల, ఒకే మనిషి చేతికి ఉన్న వాచీకి డయల్ మార్చే అవసరం రాదు. వారం చక్రం మీద అరబీ అక్షరాలు కనపడితే భయపడకు, గల్ఫ్ బజారుకు చేసినవి అట్లనే ఉంటయ్.

లూప్_పదింతలు
అన్నా, ఇంట్ల వాచీ అన్న కత చెప్పి అమ్మేటోళ్లు కూడ ఎక్కువైన్రు. 6139కు బయట చేసిన కొత్త డయల్స్, ముండ్లు, లోపలి రింగులు విపరీతంగ దొరుకుతున్నయ్. పసుపు డయల్‌ది మరీ ఎక్కువ. అమెరికా వ్యోమగామి విలియం పోగ్ 1973ల స్కైలాబ్ అంతరిక్ష కేంద్రానికి పెట్టుకపోయిన వాచీ అదే, గందుకే ధర పెరిగింది, నకిలీ డయల్ కూడ పెరిగింది. స్విస్‌దైనా సీకో అయినా పరీక్ష తప్పదు.

హన్మకొండ_కొత్తోడు
జగిత్యాల దిక్కు ఒకాయన దగ్గర పసుపు డయల్ సీకో ఉన్నది. వెనక మూత మీద 6139-6002 అని, సీరియల్ 3N తోని మొదలైతది, అంకెలు, అక్షరం కలిపి మొత్తం ఆరు. ఇంతకంటె ఏం అడగాలె? చిన్న గుండ్రం ఒక్కటే ఉన్నది, అది కదులుతలేదు.

మానేరు_తీరం
కదలదు తమ్మీ. 6139కు మామూలుగ తిరిగే సెకన్ల ముల్లే లేదు. నడుమ పెద్ద ముల్లు స్టాప్‌వాచీ ముల్లు, 6 కాడి గుండ్రం 30 నిమిషాల లెక్క. బటన్ నొక్కినంకనే రెండూ కదులుతయ్. సీకోదే ఇంకో మిషన్ 6138ల రెండు గుండ్రాలుంటయ్, ఒకటి నిమిషాలకు, ఒకటి గంటలకు. దానికి కూడ మామూలు సెకన్లు లేవు.

సీరియల్ చదువుడు ఇట్ల: మొదటి అంకె సంవత్సరం, రెండోది నెల. 1 నుంచి 9 దాకా జనవరి నుంచి సెప్టెంబరు, అక్టోబరుకు సున్నా, నవంబరుకు ఎన్, డిసెంబరుకు డి. 6139 వచ్చిందే 1969ల గనుక నీది 1973 నవంబరు. ఇప్పుడు డయల్ మీద నీళ్ల గురించి ఏం రాసి ఉందో చూడు. ప్రూఫ్ అని ఉంటే డయల్‌కు, మూతకు జత కుదర్లేదు. ఆ మాటను సీకో 1970, 71 దరిదాపుల మానేసి రెసిస్ట్ అని రాసుడు మొదలుపెట్టింది. డయల్ కింది అంచుకు, 6కు అటూఇటూ, సూదిమొనంత అక్షరాలల్ల డయల్ కోడు ఉంటది. అది 6139తోని మొదలుకావాలె. మూత మీది నంబరుతోని కడపటి అంకెలు కలవకపోయినా తప్పు కాదు, డయల్‌కు వేరే నంబరు ఇచ్చిన్రు. కోడే లేకుంటే, లేదా అక్షరాలు లావుగ ముద్దగ ఉంటే బయటి డయల్.

అసలు పసుపు డయల్‌ను ఎండల అటూఇటూ తిప్పితే నడుమ నుంచి కిరణాలు కదిలినట్టు మెరుస్తది. నకిలీది కోడిగుడ్డు సొన లెక్క ఒకే తీరు పసుపు. లూమ్ చుక్కలు, అంటే చీకట్ల వెలిగే పూత, డయల్ మీదివి, ముండ్ల మీదివి ఒకే వయసువిగ కనిపించాలె. డయల్ చుక్కలు గోధుమరంగు, ముండ్లు తెల్లగ ఉంటే ముండ్లు మార్చిన్రు.

చాబీని సగం నొక్కితే తేదీ, మొత్తం నొక్కితే వారం మారాలె. ఇది తరచుగ పాడయ్యే జాగ. చాబీ తిప్పితే మెయిన్‌స్ప్రింగ్ చుట్టుకోదు, లోపలి రింగు తిరుగుతది. ఊపితేనే నడుస్తది. చాబీ తిప్పి ఎక్కుతలేదు అని గట్టిగ తిప్పకు.

ఇందూరు_వాణి
లూమ్ మాట వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త చెప్తాను. 1960ల కంటే ముందు వాచీల్లో వెలిగే పూత ఎక్కువగా రేడియం. రేడియం సగం తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. వెలుగు ఆగిపోయినా రేడియం అలాగే ఉంటుంది, వెలిగించే పదార్థం మాత్రమే అరిగిపోయింది. ఆ పూతను గోరుతో, పిన్నుతో గీకొద్దు, పొడి పీల్చొద్దు, అటువంటి వాచీని ఇంట్లో విప్పొద్దు. మూసి ఉన్నంతవరకు పొడి బయటికి రాదు. రిపేరు చేసేవారికి కూడా ముందే చెప్పండి.

తర్వాత ట్రిటియం వచ్చింది. డయల్ అడుగున టి స్విస్ టి లేదా స్విస్ టి 25 లాంటి గుర్తు ఉంటుంది. దాని సగం వయసు 12.3 ఏళ్లు, అందుకే ఇప్పుడు దాదాపు చీకటి. చీకటి గదిలో యూవీ టార్చి రెండు మూడు సెకన్లు కొట్టి ఆర్పండి. ఆర్పిన తర్వాత కూడా ఆకుపచ్చగా నిమిషాల కొద్దీ వెలుగుతుంటే అది కొత్త పూత. 1970 వాచీలో అలా వెలిగితే ఎవరో తర్వాత పూసినట్టు. 1950 నాటిదని చెప్పిన వాచీ మీద ట్రిటియం గుర్తు ఉన్నా డయల్ తర్వాతదే. సీకోకు ఈ టి గుర్తు వెతకొద్దు, వాళ్ల పూత వేరు.

కేసు గురించి ఒక్క మాట. బెల్టు తగిలించే కొమ్ముల అంచులు పదునుగా ఉన్నాయా, బెల్టు పిన్ను రంధ్రం అంచుకు సమానదూరంలో ఉందా చూడండి. ఎక్కువ పాలిష్ పట్టిన కేసులో అంచులు గుండ్రమవుతాయి, వెనక చెక్కిన అక్షరాలు లోతు తగ్గి మసకబారతాయి. గీతలున్న కేసు కొనడం నయం, తగ్గిపోయిన లోహాన్ని ఎవరూ తిరిగి తేలేరు.

కాజీపేట_18000
ఇగ వాచీ చేతికి వచ్చినప్పుడు, లేదా వీడియో కాల్‌ల, ఇట్ల చెయ్యి.

చాబీ వాచీ అయితే ఆగేదాక మెల్లగ చుట్టు, 25, 30 చుట్లకు నిండుతది. క్రోనోగ్రాఫ్ నడిపించు. ముల్లు మొదటి నొక్కుకే ఎగిరి దునుకొద్దు. ఒక అర సెకను కంటె ఎక్కువ దునికితే పళ్ల లోతు సరిగ లేదు, లేదా ముల్లును పట్టి ఉంచే సన్నటి స్ప్రింగ్ బలం పోయింది. 65 సెకన్లు కండ్లార్పకుండ చూడు. 58 నుంచి 60 నడుమ నిమిషాల ముల్లు ఒక గీత జరగాలె. రెండు గీతలు దునికినా, సగంల ఆగినా ఆడ పని ఉన్నది. ఆపు, సున్నాకు తే. ఇది పదిసార్లు చెయ్యి.

ముల్లు సున్నా కాడ సరిగ ఆగకపోతే ఆగం గాకు, ఎక్కడ ఆగుతుందో రాసుకో. పదిసార్లూ ఒకే తప్పు జాగల, అనుకో 2 సెకన్ల కాడ, ఆగితే ఎవరో ముల్లు పెట్టేటప్పుడు వంకర పెట్టిన్రు. తీసి సరిగ కూర్చోబెడితే అయిపోతది, చిన్న పని. ఒక్కోసారి ఒక్కో జాగల ఆగితే ముల్లు గొట్టం వదులైంది, లేకుంటే సున్నాకు కొట్టే సుత్తి, హృదయం ఆకారం కామ్ అరిగినయ్. అది పెద్ద ఖర్చు.

క్రోనోగ్రాఫ్ నడుస్తుండగ సున్నా బటన్ నొక్కి పరీక్షించకు (లాండెరాన్ 48ల ఆపేది కూడ ఆ బటనే గనుక దానికి ఇది వర్తించదు). ఫ్లైబ్యాక్ (నడుస్తుండగనే సున్నాకు తేగలిగేది) కాని కామ్ మిషన్‌ల బలంగ నొక్కితే లోపల పళ్లు, సుత్తి విరుగుతయ్. తేదీ ఉన్నదాన్ని రాత్రి 9 నుంచి తెల్లారి 3 నడుమ త్వరగ మార్చకు.

టైమ్‌గ్రాఫర్, అంటే వాచీ కొట్టుకునుడు విని కొలిచే యంత్రం, ఉన్న దుకాణం దొరికితే డయల్ పైకి పెట్టి చూపెట్టు. యాంప్లిట్యూడ్, అంటే బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం, 250 డిగ్రీల పైన ఉంటే హాయి, 200 కంటె తక్కువైతే సర్వీసు చెయ్యాలె. అడ్డ క్లచ్ (స్టాప్‌వాచీ భాగాన్ని మిషన్‌కు కలిపేది) ఉన్న స్విస్ మిషన్లల్ల క్రోనోగ్రాఫ్ నడిపినంక 20, 30 డిగ్రీలు పడుడు మామూలే. అంతకంటె బాగ పడితే, లేదా వాచీ ఆగిపోతే మురికి. సీకో 6139ది నిలువు క్లచ్ గనుక అది అంతగ పడదు, క్రోనోగ్రాఫ్ ఎప్పటికీ నడిపించి పెట్టుకున్నా ఏం కాదు. గంటకు ఎన్నిసార్లు కొట్టుకుంటదో సరిపెట్టుకోండ్రి: వాల్జూ 72, 7733, లాండెరాన్‌లకు 18000. సీకో 6139, లెమానియా 1873, పోల్యోట్ 3133లకు 21600. వాల్జూ 7750కి 28800.

మానేరు_తీరం
బాగుచేసుడు గురించి ఎవరూ చెప్పలె. వరంగల్, హన్మకొండ చౌరస్తాలల్ల వాచీ దుకాణాలున్నయ్, ఎక్కువ పని సెల్లు మార్చుడు, పాత హెచ్ఎంటీల సర్వీసు. మంచి పనిమంతులున్నరు గని క్రోనోగ్రాఫ్ వేరే విద్య. ఇచ్చే ముందు రెండు అడుగు. క్లచ్ చక్రం పళ్లకు నూనె పెడ్తవా అని. పెడ్త అంటే ఇవ్వకు, అవి పొడిగ ఉండాలె. 6139 నడుమ చక్రాన్ని పెట్రోలుల నానబెడ్తవా అని. నానబెడ్త అంటే అసలే ఇవ్వకు. ఆ చక్రంల లోపల సీకో పెట్టిన నూనె ఉంటది. కడిగితే పోయి క్లచ్ జారుతది, విప్పితే మళ్ల కలవది. తెలియనోనికి ఇచ్చుడు కంటె కాజీపేటల రైలెక్కి హైదరాబాద్ దాకా చేతుల పట్టుకపోయిందే నయం.

రబ్బరు రింగులు, బటన్ల గాస్కెట్లు తప్పక మార్పించు. మన ఎండాకాలం చెమట బటన్ సందుల నుంచి లోపలికి దిగి స్ప్రింగులకు తుప్పు పట్టిస్తది. 70 మీటర్లు అని రాసి ఉన్నా సరే, చెయ్యి కడిగేటప్పుడు తీసిపెట్టు. వానాకాలం డబ్బాల సిలికా జెల్ పొట్లం వెయ్యి.

లూప్_పదింతలు
పైసల కాడ: ఒకే ముక్కల తీసిన, నడుమ కోత లేని వీడియో అడుగు, పక్కన ఆనాటి పేపరు పెట్టించు. ముందు మొత్తం యూపీఐ చెయ్యకు. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, పన్ను, కొరియర్ వాళ్ల చార్జీ కలిపి లెక్కేసుకో, వాచీ ధర ఒక్కటే చూసి మోసపోకు. డబ్బా, కాయితాలు ఉన్నయని ఎక్కువ ఇవ్వకు. అవి విడిగ దొరుకుతయ్. పెద్ద బజారు కూడ తప్పుతది. 2021 నవంబరుల జెనీవా వేలంల 31 లక్షల స్విస్ ఫ్రాంకుల పైన పోయిన ఒమేగా స్పీడ్‌మాస్టర్ 2915-1, ముక్కలు కలిపి చేసిందని 2023ల ఒమేగానే చెప్పింది. మన నలభై వేల వాచీకి మనమే కండ్లు పెట్టుకోవాలె.

హన్మకొండ_కొత్తోడు
జగిత్యాలల వీడియో కాల్ అయింది. డయల్ మీద రెసిస్ట్ అనే ఉన్నది. కింద కోడు 6139 తోని మొదలైంది, అక్షరాలు సన్నగనే ఉన్నయ్. యూవీ కొడితే చుక్కలు, ముండ్లు రెండూ ఆర్పంగనే చీకటైనయ్. తేదీ మారుతున్నది, వారం మారుతలేదు. పెద్ద ముల్లు పదిసార్లూ 1 సెకను దాటి ఆగింది, ఒకే జాగల. మూత తీసి ఫొటో పంపిండు: ఒక స్క్రూ గాడి చెదిరింది, తుప్పు కనపడలె.

మానేరు_తీరం
ముల్లు తిరిగి కూర్చోబెట్టుడు, వారం మార్చే మీట చూసుడు రెండూ సర్వీసుల పోతయ్. మీట పళ్లు విరిగితే ఇంకో 6139 నుంచి తియ్యాలె, దానికి పైసలు ఆయన చెప్పిన ధరల నుంచి తగ్గించి అడుగు. డయల్ అసలుదే లెక్క ఉన్నది. పోయి చేతుల చూసి తీస్కో. తెచ్చే ముందు ఎండల ఒకసారి తిప్పి ఆ కిరణాల మెరుపు చూడు.

లూప్_పదింతలు
లోపలి రింగు పసుపు, డయల్ పసుపు పక్కపక్కన పెట్టి చూసుడు మర్చిపోకు. రింగు డయల్ కంటె బాగ పసుపుగ ఉంటే అది కొత్తది. దానికి కూడ ధర తగ్గించమను.